కొత్తవాళ్ళ కళ్ళలోకి ఎలా చూడాలి, చూపు ఎప్పుడు తిప్పుకోవాలి

ఈ విషయం మీద దొరికే సలహాల్లో చాలావరకు ఒకటే మాట ఉంటుంది: కళ్ళలో కళ్ళు పెట్టి చూడండి, ఎదుటివాళ్ళు చూపు తిప్పుకునేదాకా మీరు తిప్పుకోవద్దు, అదే కాన్ఫిడెన్స్. ఈ సలహా పట్టుకుని కూకట్‌పల్లి బస్టాప్‌లోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఎవరినైనా అలా చూసి చూడండి. "ఏంటి, ఏం కావాలి?" అంటారు. అది కూడా మంచి మూడ్‌లో ఉంటేనే.

మన దగ్గర పనికొచ్చే పద్ధతి వేరు. ఒక్క క్షణం చూడాలి. మిమ్మల్ని గమనించాను అన్నట్టు మొహంలో చిన్న కదలిక ఉండాలి. ఆ వెంటనే చూపు వదిలేయాలి. జనం తడబడేది ఈ మూడోదాని దగ్గరే. ఎవరైనా మనవైపు చూశారని గుర్తుండదు గానీ, చూసి వదలకపోయినా, దొంగతనం దొరికినట్టు చటుక్కున తల తిప్పేసినా అది గుర్తుండిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో చూపు వదలడం గురించే ఎక్కువ చెబుతాను.

లిఫ్ట్‌లో ఎవరైనా ఎక్కితే టెన్షన్ పడేవాళ్ళకి, ఊరి నుంచి చదువుకో ఉద్యోగానికో సిటీకి వచ్చినవాళ్ళకి, ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్నవాళ్ళకి ఇది ఉపయోగపడుతుంది.

మొదట మీ చూపు ఎటు పారిపోతోందో కనిపెట్టండి

రెండు మూడు రోజులు ఏమీ మార్చకండి. ఎవరైనా ఎదురుపడినప్పుడు మీ కళ్ళు ఎక్కడికి పోతున్నాయో మాత్రం చూసుకోండి. కొందరు ఫోన్‌లోకి దూరిపోతారు. అక్కడ కొత్త మెసేజ్ ఏమీ ఉండదు, అయినా స్క్రీన్ పైకీ కిందకీ జరుపుతుంటారు. కొందరు నేల చూస్తారు. లిఫ్ట్‌లో అయితే ఫ్లోర్ నంబర్లు మారడాన్ని క్రికెట్ స్కోరు అంత శ్రద్ధగా గమనిస్తారు. ఇంకొందరు ఎదుటివాళ్ళని చూస్తారు, పట్టుబడతారు, ఉలిక్కిపడి తిప్పేసుకుంటారు. ఫోన్ చూసేవాళ్ళనీ నేల చూసేవాళ్ళనీ ఎవరూ పట్టించుకోరు. ఉలిక్కిపడేవాళ్ళనే అనుమానంగా చూస్తారు.

అందరూ నన్నే గమనిస్తున్నారు అన్న భయం మీకుంటే ఈ సంగతి వినండి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కొందరు విద్యార్థుల చేత, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు వేయించి తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. సుమారు సగం మంది నా టీషర్టు గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మందే. బస్సులో మీ పక్కన నిలబడ్డ మనిషి కూడా చాలావరకు తన ఈఎమ్‌ఐ గురించే ఆలోచిస్తుంటాడు.

మాట్లాడే పని ఉన్నవాళ్ళతో మొదలుపెట్టండి

రోడ్డున పోయే ప్రతి మనిషినీ చూడటం ప్రాక్టీస్ కాదు. చూడటానికి ఒక కారణం ఉన్నచోట మొదలుపెట్టండి. కిరాణా షాపు, టిఫిన్ సెంటర్, బస్ కండక్టర్, ఆటో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. వీళ్ళ వైపు చూస్తే ఎందుకు చూస్తున్నావని ఎవరూ అడగరు.

పొద్దున్న ఎనిమిదింటికి టిఫిన్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి ఒకసారి గమనించండి. కౌంటర్‌లో ఉన్నాయన ఒక చేత్తో చిల్లర ఇస్తుంటాడు, లోపలికి "రెండు ఇడ్లీ, ఒక ఉల్లి పెసరట్టు" అని కేకేస్తుంటాడు. చుట్టూ పదిమంది ఒకేసారి అరుస్తుంటారు. ఆయన ఒక ఆర్డరు పూర్తి చేసి తల ఎత్తే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో ఎవరి కళ్ళు దొరికితే వాళ్ళ ఆర్డరు లోపలికి పోతుంది. ఫోన్ చూసుకుంటూ అరిచేవాడి ఇడ్లీ ఆలస్యం అవుతూనే ఉంటుంది. మీరు చేయాల్సింది ఆ తల ఎత్తేదాకా ఆగడం, ఎత్తగానే చూసి "అన్నా, ఒక ప్లేట్ ఇడ్లీ" అనడం, ఆయన తల ఊపగానే పక్కకి చూడటం. చట్నీ వేసే మనిషి దగ్గరా ఇంతే. గిన్నె వైపు చూస్తూ కాకుండా ఆయన వైపు చూసి "కొంచెం అల్లం చట్నీ" అని అడగండి. గరిటె ఇంకోసారి పడుతుంది.

ఫోన్‌పే వచ్చాక ఈ కాస్త చూపు కూడా పోయింది. మనం క్యూఆర్ కోడ్ వైపు చూస్తాం, షాపతను స్పీకర్ మాట వింటాడు, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే బేరం అయిపోతుంది. మొదటి వారం ప్రాక్టీస్‌కి ఇంతకంటే తేలికైంది దొరకదు: డబ్బు పంపాక ఫోన్ దించి, తల ఎత్తి, "పడిందా అన్నా?" అని అడగండి. "ఆ, పడింది" అంటాడు. ఆ రెండు మాటల మధ్య చూసిన చూపు చాలు.

వాచ్‌మన్ దగ్గరికి వచ్చేసరికి ఇది ప్రాక్టీస్ మాత్రమే కాదు. రోజూ గేటు తీసే మనిషిని గోడని చూసినట్టు చూసి వెళ్ళిపోవడం మన అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ క్యాంపస్‌లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. నడిచి వెళ్తున్నవాళ్ళలో కొందరి కళ్ళలోకి చూశారు, కొందరి వైపు చూసి నవ్వారు, ఇంకొందరు అక్కడ లేనట్టే వాళ్ళ మీదుగా చూపు పోనిచ్చారు. లేనట్టు చూడబడ్డవాళ్ళు ఆ కొద్ది సేపటికే తాము జనానికి దూరమైపోయినట్టు ఎక్కువగా అనిపించిందని చెప్పారు. ఇక రోజుకి ఇరవై ఫ్లాట్లవాళ్ళు అలా చూసే మనిషి సంగతి ఆలోచించండి. బండి ఆపక్కర్లేదు, హెల్మెట్ లోపలి నుంచే తల ఊపొచ్చు.

ఎంతసేపు చూడాలి

దీనికి ఒక లెక్క ఉంది. లండన్ సైన్స్ మ్యూజియంకి వచ్చిన 56 దేశాల జనంలో దాదాపు 500 మందికి, తమవైపే చూస్తున్న నటుల వీడియోలు చూపించి, ఎంతసేపటి చూపు బాగుందో అడిగారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. సగటు 3.3 సెకన్లు. ఎక్కువమంది రెండు నుంచి ఐదు సెకన్ల మధ్య చెప్పారు. ఒక్క సెకను లోపు చాలన్నవాళ్ళు లేరు, తొమ్మిది సెకన్లు దాటాలన్నవాళ్ళూ లేరు.

కానీ అది ఎదురెదురుగా కూర్చున్నట్టు ఉండే లెక్క. దాన్ని రోడ్డు మీదికి తీసుకురావద్దు. ఎదురుగా నడిచి వస్తున్న మనిషిని మూడు సెకన్లు చూస్తే అది చాలా ఎక్కువ. నడుస్తున్నప్పుడు మనసులో "నమస్తే" అనుకోండి, ఆ మాట అయ్యేసరికి చూపు అయిపోవాలి. కౌంటర్ దగ్గరైతే మీ మాట ఎంతసేపో చూపు అంతసేపు.

ఎంత దూరం నుంచి అన్నది కూడా ముఖ్యమే. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లో దీన్ని బాగా గమనించి రాశాడు. వీధిలో ఎదురుపడే ఇద్దరు దూరం నుంచి ఒకరినొకరు చూసుకుంటారు, దాదాపు ఎనిమిది అడుగుల దూరానికి వచ్చేసరికి ఇద్దరూ చూపు దించుకుంటారు, హైవే మీద ఎదురు బండికి డిమ్ కొట్టినట్టు. నిజంగా అంతే. దూరంలో ఉన్నప్పుడు చూడండి, దగ్గరికి వచ్చాక దించండి. తెలియనివాళ్ళు దీన్ని తిరగేస్తారు, దూరంలో ఉన్నంతసేపూ నేల చూసి, సరిగ్గా పక్కనుంచి పోయేటప్పుడు తల ఎత్తి మొహంలోకి చూస్తారు. అవతలి మనిషి ఉలిక్కిపడతాడు.

మొహంలో ఎక్కడ చూడాలి

నేరుగా కళ్ళలోకి చూడటం కష్టంగా ఉంటే రెండు కనుబొమల మధ్య చూడండి, లేదా ముక్కు మొదట్లో. చెయ్యి చాపినంత దూరం దాటితే ఎదుటివాళ్ళు తేడా కనిపెట్టలేరు. ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి చూడకండి, అది కంగారుగా కనిపిస్తుంది. మెల్లకన్ను ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడూ కనుబొమల మధ్య చూస్తే ఏ కన్ను చూడాలన్న ఇబ్బంది ఉండదు.

చూపు మెడ కిందికి దిగకూడదు. తల నుంచి కాళ్ళ దాకా, మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా ఎగాదిగా చూడటం మగవాళ్ళనైనా ఆడవాళ్ళనైనా అవమానించినట్టే. పెళ్ళిళ్ళలో కట్టిన చీర, పెట్టుకున్న నగ చూసే పెద్దమ్మలకి మాత్రం ఇందులో మినహాయింపు ఉంది, అది మనం మార్చగలిగింది కాదు.

మొహం బిగుసుకుని ఉంటే ఎంత తక్కువసేపు చూసినా గుడ్లురిమినట్టే ఉంటుంది. పళ్ళు కరుచుకుని ఉంటే వదులు చేయండి. కనుబొమలు ఒక్క పిసరు ఎత్తితే చాలు, నవ్వక్కర్లేదు. చలువ కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటే, మాట్లాడేటప్పుడు తీసేయండి.

చూపు ఎలా వదలాలి

ముందుగా, వదిలాక చూపు ఎక్కడ పెట్టాలో మీకు తెలిసి ఉండాలి. చూపుకి చోటు లేకే జనం ఫోన్ తీస్తారు. బస్టాప్‌లో అయితే వచ్చే బస్సు బోర్డు, బస్సులో అయితే కిటికీ, షాపులో అయితే వస్తువులు, లిఫ్ట్‌లో అయితే తలుపు.

పక్కకి వదిలితే "నా పని నేను చూసుకుంటున్నాను" అని అర్థం. బయట ఎక్కువసార్లు పనికొచ్చేది ఇదే. కళ్ళు మాత్రమే కాకుండా తల కూడా కొంచెం తిరగాలి, నిదానంగా. కళ్ళు మాత్రమే పక్కకి జరిగి తల అక్కడే ఉంటే అది ఓరచూపు అవుతుంది, దాని అర్థమే వేరు. కిందికి వదిలితే కొంచెం మర్యాద, కొంచెం సిగ్గు. పెద్దవాళ్ళ దగ్గర, తల ఊపుతూ కిందికి వదలడం బాగుంటుంది. పైకి మాత్రం వద్దు, విసుక్కున్నట్టు ఉంటుంది.

మీరు ఎవరినో చూస్తుండగా వాళ్ళు తల తిప్పి మిమ్మల్ని చూశారనుకోండి. అక్కడ ఉలిక్కిపడకపోవడమే అసలు విద్య. పట్టుబడ్డ ఆ క్షణంలో చిన్నగా తల ఊపి, ఆ తర్వాత తిప్పుకోండి. ఆ తల ఊపడంతో అప్పటిదాకా చూసిన చూపు పలకరింపుగా మారిపోతుంది. లేదా చూపుని ఆగకుండా ముందుకు పోనివ్వండి, పటాన్‌చెరు నుంచి కోఠీ పోయే 218 వస్తోందా అని చూస్తున్నప్పుడు మధ్యలో తగిలిన మొహాల మీదుగా మన చూపు వెళ్ళిపోతుంది చూడండి, అలా. బస్టాపే దీనికి మంచి చోటు. అక్కడ అందరూ ఒకే వైపు చూస్తుంటారు, ఎవరి చూపు ఎవరి మీద పడినా తప్పు పట్టరు.

ఒకసారి వదిలాక రెండోసారి చూడకండి. వాళ్ళింకా చూస్తున్నారా అని చెక్ చేసుకోవడానికి చూసే ఆ రెండో చూపే గొడవలకి మూలం. మొదటిది యాదృచ్ఛికం, రెండోది కావాలని చూసినట్టు.

మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు చూసేటప్పుడు

ఇది మగ పాఠకులకి. పని లేని చోట, అంటే బస్సులో, మెట్రోలో, రోడ్డు మీద, తెలియని ఆడవాళ్ళతో చూపు కలపడం ప్రాక్టీస్ చేయకండి. అనుకోకుండా కలిస్తే ముందు తిప్పుకోవాల్సింది మీరే. తిప్పుకున్నాక మళ్ళీ చూడొద్దు. నవ్వక్కర్లేదు కూడా. అవతలి అమ్మాయి చూపు మీ మీద పడిందంటే ఆమె స్టేషన్ వచ్చిందా లేదా అని చూస్తోంది, అంతకుమించి లేదు. మన సినిమాల్లో హీరో చూస్తూనే ఉంటే హీరోయిన్ చివరికి నవ్వుతుంది. బయట ఆ సీన్ పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది.

లిఫ్ట్‌లో ఒక్క ఆడమనిషి ఉన్నప్పుడు ఎక్కితే ఒక్కసారి తల ఊపి, తలుపు వైపు తిరిగి నిలబడండి. బస్సులో సీటు పక్కన నిలబడాల్సి వస్తే కిటికీ బయటికి చూడండి. కౌంటర్‌లో, బ్యాంకులో, ఆస్పత్రిలో పని మీద మాట్లాడేటప్పుడు మాత్రం మొహం చూసే మాట్లాడండి. అక్కడ కళ్ళు దించుకుని గొణగడం మర్యాద అనిపించుకోదు, ఆమె మాటకి విలువ ఇవ్వనట్టు ఉంటుంది.

ఇక ఆడవాళ్ళకి. ఎవరి చూపుకీ బదులు ఇవ్వాల్సిన బాకీ మీకు లేదు. చూడకపోవడం పొగరు అనుకుంటే అనుకోనివ్వండి. ఎవరైనా తినేసేలా చూస్తుంటే, నేల చూసి భరించడం కంటే ఒక్కసారి నేరుగా, నవ్వు లేకుండా, కనుబొమలు ముడిచి చూసి తిప్పుకోవడం చాలామంది మీద పనిచేస్తుంది. ఎవరూ లేని చోట మాత్రం ఇది చేయొద్దు, అక్కడి నుంచి కదిలిపోవడమే మంచిది. జనం ఉన్నచోట ఆగకపోతే పక్కవాళ్ళకి వినబడేలా "ఏంటి, అలా చూస్తున్నారు?" అని అడగండి. "మీరు" అనే అడగండి, అలా అడిగితే అది గొడవలా కాకుండా ప్రశ్నలా వినిపిస్తుంది, చుట్టుపక్కలవాళ్ళు మీ వైపు ఉంటారు. కండక్టర్‌కి చెప్పండి. వద్దన్నా పదేపదే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. ఆడవాళ్ళని అవమానించే మాటలు, సైగలు సెక్షన్ 79 కిందికి వస్తాయి. 112కి గానీ మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయొచ్చు. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ పోలీసులు మామూలు బట్టల్లో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర తిరుగుతుంటారు.

పల్లెటూళ్ళో లెక్క వేరు

సిటీలో నేర్చుకున్నదంతా ఊళ్ళో తిరగబడుతుంది. అక్కడ కొత్త మనిషి బస్సు దిగగానే రచ్చబండ మీదున్నవాళ్ళంతా తేరిపార చూస్తారు. అందులో తప్పేమీ ఉండదు, వాళ్ళకి మీరెవరో తెలియాలి, అంతే. అక్కడ చూపు తిప్పుకుని చకచకా నడిచిపోతే మొహం చాటేసినట్టు ఉంటుంది. పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన వైపే చూసి, నవ్వి, వాళ్ళు అడగకముందే చెప్పేయండి: "ఫలానావాళ్ళింటికి తాతా, వాళ్ళ అల్లుడి స్నేహితుణ్ణి." లేకపోతే "ఎవరబ్బాయివి బాబూ, ఎవరింటికి?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఒకసారి మీరెవరో తెలిశాక ఆ చూపులు వాటంతటవే సడలిపోతాయి, దారి కూడా వాళ్ళే చూపిస్తారు.

పెద్దల దగ్గర, కుర్చీలో ఉన్నవాళ్ళ దగ్గర

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆ గుడ్లేంటి, కళ్ళు దించు" అని వింటూ పెరిగిన తరం మనది. ఇంట్లో అది నడుస్తుంది. బాబాయి తిడుతున్నప్పుడు కళ్ళలోకి చూస్తూ నిలబడితే తిట్లు పెరుగుతాయే గానీ తగ్గవు.

అయితే కళ్ళు దించడం ప్రతిచోటా మర్యాదగా పుట్టిన అలవాటు కాదు. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని, తల వంచి "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనాల్సి వచ్చిన తెలంగాణ పల్లెలు మన తాతల కాలం నాటివే. కొన్ని కులాలవాళ్ళు కన్నెత్తి చూస్తేనే తప్పు అన్న ఊళ్ళు ఆంధ్రలోనూ తక్కువేం లేవు. ఆ భయం ఇప్పటికీ ఆఫీసు బల్లల ముందు కనిపిస్తుంది: సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దాయన, తన కొడుకు వయసున్న గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడతాడు. ఈ ఒక్క చోట నా సలహా కొంచెం మొండిగా ఉంటుంది. అక్కడ కళ్ళు దించకండి.

తహసీల్దార్ ఆఫీసులోనైనా మున్సిపాలిటీలోనైనా ఇలా చేయండి. లోపల ఉన్నాయన ఫైల్ చూస్తున్నంతసేపూ మీ కథ మొదలుపెట్టకండి. "సార్, నమస్తే" అని ఆగండి. తల ఎత్తేదాకా ఆగండి. ఎత్తాక మొహం చూసి, ఒక్క వాక్యంలో పని చెప్పండి: "ఆదాయ సర్టిఫికెట్‌కి అప్లై చేశాను, ఎక్కడిదాకా వచ్చిందో చెబుతారా?" చెప్పాక మీ చేతిలో రసీదు వైపు చూపు దించి, దాన్ని ముందుకు జరపండి. ఆయన కూడా రసీదు చూస్తాడు. ఇద్దరూ ఒకే కాగితం చూస్తున్నప్పుడు పని త్వరగా కదులుతుంది.

ఇంటర్వ్యూలో

ముగ్గురు నలుగురు ఉన్న బోర్డు అయితే ప్రశ్న అడిగినవాళ్ళ వైపు చూసి జవాబు మొదలుపెట్టండి, మధ్యలో మిగతావాళ్ళ మీదుగా ఒకసారి చూపు పోనివ్వండి, ముగించేటప్పుడు మళ్ళీ అడిగినవాళ్ళ దగ్గరికి రండి. నవ్వుతున్న ఒక్కరినే పట్టుకుని వేలాడకండి.

వింటున్నప్పుడు ఎక్కువ, మాట్లాడుతున్నప్పుడు తక్కువ చూడటం మనుషుల సహజ పద్ధతి. మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు చూపు పక్కకి పోతే కంగారు పడొద్దు. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించింది ఇదే: ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఉంటే, కష్టమైన మాట కోసం వెతికే పని నెమ్మదిస్తుంది. కాబట్టి ఆలోచించేటప్పుడు బల్ల వైపు చూసి, జవాబు దొరికాక తల ఎత్తండి. జవాబు మొదటి మాటా చివరి మాటా మొహం చూసి చెబితే, మధ్యలో ఎటు చూసినా ఎవరూ పట్టించుకోరు.

వీడియో ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ళ మొహం చూస్తే వాళ్ళకి మీరు కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ విండోని చిన్నది చేసి సరిగ్గా కెమెరా కింద పెట్టుకోండి. మీరు మాట్లాడేటప్పుడు కెమెరా వైపు, వినేటప్పుడు మొహం వైపు. మీ సొంత బొమ్మ కనబడకుండా దాచేయండి, లేకపోతే చూపంతా జుట్టు మీదే ఉంటుంది.

నానక్‌రామ్‌గూడలో అమెరికా వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అద్దం అవతల ఉన్న ఆఫీసర్ టైప్ చేస్తూ అడుగుతారు. ఆ చేతులు ఏం కొడుతున్నాయా అని చూడటం, స్క్రీన్ వైపు తొంగి చూడటం మానుకోండి. వాళ్ళు చూడకపోయినా మీరు మొహం ఎత్తు మీదే చూపు ఉంచి జవాబు చెప్పండి. పక్క విండోలో ఎవరికి ఏమైందో చూడకండి, టెన్షన్ పెరగడం తప్ప లాభం లేదు.

అమెరికా వెళ్ళాక

డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో వాకింగ్‌కి వెళ్తే తెలియనివాళ్ళే చూసి, నవ్వి "హౌ ఆర్ యూ" అంటూ ఆగకుండా వెళ్ళిపోతారు. మన పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే, వాళ్ళు ఆగి జవాబు చెప్పబోతారు. ఆగక్కర్లేదు. చూసి, "గుడ్, థాంక్యూ" అని నడుస్తూనే ఉండండి. అసలు చూడకుండా పోతే మాత్రం అక్కడ ముభావంగా అనిపిస్తుంది. న్యూయార్క్ సబ్‌వేలోనూ లండన్ ట్యూబ్‌లోనూ దీనికి పూర్తిగా తిరగేసి, ఎవరూ ఎవరినీ చూడరు.

రోడ్డు దాటేటప్పుడు, సిగ్నల్ దగ్గర

కళ్ళలోకి చూడటం ప్రాణం కాపాడే చోటు ఇదొక్కటే. ఫ్రాన్స్‌లో 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, రోడ్డు దాటబోయేవాళ్ళు డ్రైవర్ కళ్ళలోకి చూసినప్పుడు ఎక్కువ బండ్లు ఆగాయి. మన దగ్గర చూపు ఒక్కటే చాలదు, చెయ్యి కూడా ఎత్తాలి. డ్రైవర్ వైపు చూడండి, అరచెయ్యి చూపించండి, బండి స్లో అయ్యిందని చూశాకే అడుగు వేయండి. నల్ల అద్దాల కారైతే, హెల్మెట్ అద్దం నల్లగా ఉంటే, రాత్రి హెడ్‌లైట్ మొహాన కొడుతుంటే, వాళ్ళు మిమ్మల్ని చూశారని అనుకోవద్దు. ఆగండి.

సిగ్నల్ దగ్గర చెయ్యి చాపినవాళ్ళని చూడనట్టు ఫోన్‌లోకి దూరిపోవడం అందరూ చేసేదే. డబ్బులు ఇవ్వకపోయినా ఒక్కసారి మొహం చూసి "లేదమ్మా" అని తల అడ్డంగా ఊపితే, చాలాసార్లు వాళ్ళు త్వరగా ముందుకు వెళ్ళిపోతారు. చూడనట్టు నటించే మనిషి దగ్గరే అద్దం మీద ఇంకోసారి కొడతారు.

కష్టమైనవాళ్ళు, పనికిరాని చోట్లు

ఆటిజం ఉన్న కొందరికి ఇతరుల కళ్ళలోకి చూడటం నిజంగా భరించలేనంత ఇబ్బందిగా ఉంటుంది. పిల్లల గడ్డం పట్టుకుని "నన్ను చూసి మాట్లాడు" అనడం మానేయండి. చూడకుండానే వాళ్ళు బాగా వింటుండొచ్చు. మీకే జనంలోకి వెళ్ళాలంటే గుండె దడ, చెమటలు, పనులు వాయిదా వేసుకోవడం దాకా వస్తుంటే ఈ వ్యాసం సరిపోదు, సైకాలజిస్ట్‌ని కలవండి. ఆందోళనకి మంచి చికిత్స ఉంది.

ఏడుస్తున్నవాళ్ళని, రోడ్డు పక్క తింటున్నవాళ్ళని, ఫోన్‌లో గొడవ పడుతున్నవాళ్ళని చూడకండి. తాగి తూలుతున్న మనిషి చూపు కలిస్తే వెంటనే పక్కకి వదిలి నడవండి, అక్కడ తల ఊపడం, నవ్వడం ఏదీ వద్దు.

ఇక అలిపిరి మెట్ల దారిలోనో శ్రీశైలంలోనో అహోబిలంలోనో కోతులు ఎదురైతే, ఇప్పటిదాకా చెప్పినవేవీ వర్తించవు. కోతి కళ్ళలోకి నేరుగా చూస్తే అది కయ్యానికి రమ్మన్నట్టు లెక్క. కనుబొమలు ఎత్తడం, తల ఊపడం ఏదీ చేయొద్దు. కొబ్బరిచిప్ప, ప్రసాదం సంచీలో పెట్టేసి, పక్కకి చూస్తూ నిదానంగా నడిచి వెళ్ళిపోండి.